కొనడానికో గజం, అమ్మడానికో గజం

తెలంగాణ పల్లెల్లో ఆ ఊరిని భివండీ అని ఎవరూ అనరు, భీమండి అంటారు. బొంబాయి, భీమండి, షోలాపూర్, సూరత్: ఈ నాలుగు పేర్లూ పద్మశాలీల ఇళ్లలో ఒకే ఊపిరిలో వస్తాయి. చేతిమగ్గం అన్నం పెట్టని రోజుల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ జిల్లాల నుంచి కదిలిన నేత కుటుంబాలు ఠాణే జిల్లాలోని ఈ ఊళ్లో దిగి, పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతాల్లో నిలదొక్కుకున్నాయి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మె తర్వాత బొంబాయి మిల్లులు మళ్లీ కోలుకోలేదు. ఆ నేత పని చాలావరకు భివండీ షెడ్లకు మళ్లింది. సిరిసిల్లలో లాగే ఇక్కడా మరమగ్గాన్ని సాంచె అంటారు. ఒకే షెడ్డులో పక్కపక్కన సాంచెలు నడిపేవాళ్లలో ఒకరిది సిరిసిల్ల, ఇంకొకరిది ఆజంగఢ్, మరొకరిది బిహార్‌లో ఏదో పల్లె.

సాంచెల మోతలో మాట వినిపించదు. దారం తెగితే సైగ, కండె అయిపోతే సైగ, టీకి రమ్మనాలన్నా సైగే. షిఫ్టు మారి బయటికొచ్చాకే నోళ్లు తెరుచుకుంటాయి. చాయ్ బండి దగ్గర ఫోన్లు బయటికొస్తాయి. ఒక ఫోన్లో లుంగీ కట్టుకుని "అయ్యయ్యో" అంటూ హిందీని ఖూనీ చేసే మద్రాసీ పాత్ర కనిపిస్తుంది. యూపీ కుర్రాళ్లు పగలబడి నవ్వుతారు, తెలుగు కుర్రాడు మొహమాటంగా నవ్వి చూపు తిప్పుకుంటాడు. కాసేపటికి ఇంకో ఫోన్లో పాన్ నములుతూ సాగదీసి మాట్లాడే భయ్యా పాత్ర వస్తుంది. ఈసారి పొట్ట పట్టుకుని నవ్వే వంతు తెలుగు కుర్రాడిది. ఎవరి బొమ్మ వచ్చినప్పుడు వాళ్లకే అది బొమ్మలా కాక వెక్కిరింతలా కనిపిస్తుంది.

బట్టల వ్యాపారంలో ఒక పాత నింద ఉంది: కొనడానికో గజం, అమ్మడానికో గజం. పత్రికలు, సినిమాలు, టీవీలు ఒక జాతినో ప్రాంతాన్నో మతాన్నో ఒకే అచ్చులో పోసి చూపించినప్పుడు జనం స్పందించే తీరు సరిగ్గా ఇలాగే ఉంటుంది. మనల్ని చూపిస్తే అవమానం, పక్కవాణ్ణి చూపిస్తే కామెడీ.

బొంబాయిలో తెలుగువాళ్లకు పడిన మొదటి ముద్ర కామాఠీ. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల కూలీలు వచ్చి ఆ నగరపు రోడ్లు, కట్టడాలు కట్టారు. వాళ్ల పేరుమీదే కామాఠీపురా వెలిసింది. అక్కడి తెలుగువాళ్లలోంచి ఎదిగిన రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి కాంట్రాక్టర్లు, 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. ఈ చరిత్ర ఎంతమందికి తెలుసు? దేశానికి ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఎర్రదీపాల వీధి ఒక్కటే. హిందీ సినిమా దశాబ్దాలుగా చూపించింది అదే. 2022లో 'గంగూబాయి కాఠియావాడీ' విడుదలకు ముందు స్థానికులు, ఎమ్మెల్యే అమీన్ పటేల్ ఆ పేరు వాడొద్దంటూ బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు, ఫిబ్రవరి 25న సినిమా విడుదలైంది. సినిమాను ఆపకపోవడం సబబే. కానీ ఆ గల్లీల్లో పుట్టి పెరిగిన ఆడపిల్లలు తమ చిరునామా చెప్పుకోవడానికి ఎందుకు జంకుతున్నారో అడిగిన చర్చలు మాత్రం చాలా తక్కువ.

రెండో ముద్ర మద్రాసీ. ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటక, కేరళ, ఎవరైనా ఒకటే. ఈ ముద్రను రాజకీయం చేసింది ఒక కార్టూన్ వారపత్రిక. బాల్ ఠాక్రే 1960లో మొదలుపెట్టిన 'మార్మిక్', బొంబాయి ఆఫీసుల్లో పెద్ద ఉద్యోగాలు చేస్తున్న దక్షిణాది వాళ్ల పేర్ల జాబితాలను వారం వారం అచ్చువేసింది. చదివి చల్లగా కూర్చోండి అనే అర్థం వచ్చే శీర్షిక ఒకటి పెట్టి మరాఠీ యువకులను రెచ్చగొట్టింది. 1966 జూన్‌లో శివసేన పుట్టింది. 'లుంగీ హటావో, పుంగీ బజావో' నినాదం వీధుల్లోకొచ్చింది, ఉడిపి హోటళ్ల మీద రాళ్లు పడ్డాయి.

ఆ కాలపు వెండితెర చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 1968లో హాలీవుడ్‌లో 'ది పార్టీ' వచ్చింది. పీటర్ సెల్లర్స్ అనే తెల్ల నటుడు మొహానికి గోధుమరంగు పూసుకుని, మాటకు యాస పూసుకుని భారతీయుడిగా నటించాడు. అదే ఏడు 'పడోసన్'లో మెహమూద్ పిలకతో, నామాలతో, తడబడే హిందీతో దక్షిణాది సంగీత మాస్టారు పిళ్లైగా కనిపించాడు. అంతకు మూడేళ్ల ముందు 'గుమ్‌నామ్'లో నల్లరంగు పులుముకుని హైదరాబాదీ యాస మాట్లాడే వంటవాడు కూడా ఆయనే. సెల్లర్స్ వేషం గురించి ఇంగ్లిషు పత్రికల్లో నేటికీ వాదనలు నడుస్తున్నాయి. 'పడోసన్' మాత్రం కుటుంబమంతా కలిసి చూసే పాత బంగారంగానే నిలిచింది. మెహమూద్ గొప్ప నటుడనడంలో సందేహం లేదు. సెల్లర్స్ కూడా గొప్ప నటుడే.

ఈ జంటను పక్కన పెట్టి ఇంకో జంటను చూస్తే కొలతల తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది. 1990లో అమెరికా టీవీ కార్టూన్ 'ది సింప్సన్స్'లో అపు అనే భారతీయ దుకాణదారు ప్రవేశించాడు. కథ ప్రకారం అతను కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు. జనానికి గుర్తుండిపోయింది మాత్రం కొట్టు కౌంటరూ, సాగదీసిన యాసా. అదే 1990లో 'అగ్నిపథ్'లో మిథున్ చక్రవర్తి కృష్ణన్ అయ్యర్‌గా వచ్చాడు. అతని పేరు వెనకాల ఎం.ఏ. అనే డిగ్రీ ఉంటుంది, అమ్మేది కొబ్బరిబోండాలు. ఇక్కడా చదువు ఒక హాస్యపు తోక, యాసే అసలు సరుకు. అపుకు గొంతిచ్చిన హ్యాంక్ అజారియాకు 1998లో ఎమ్మీ అవార్డు వచ్చింది. మిథున్‌కు కృష్ణన్ అయ్యర్ పాత్రతో ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది. ఇంతవరకు రెండు కథలూ అద్దంలో బొమ్మల్లా ఒకటే.

విడిపోయింది ఆ తర్వాత. అపును ప్రశ్నించినవాడు ఒక తెలుగువాడి కొడుకు. హరి కొండబోలు 1982లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లినవాళ్లు. బడిలో అతన్నీ అతనిలాంటి పిల్లలనూ అపు గొంతుతో ఏడిపించేవారు. తన తండ్రిని వెక్కిరించే తెల్లవాణ్ణి ఇంకో తెల్లవాడు అనుకరించినట్టుంది ఆ గొంతు అని అతను వేదిక మీద చెప్పిన మాట చాలామందికి తగిలింది. 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులో అతను నిషేధం అడగలేదు. సింప్సన్స్ అంటే తనకు ఇష్టమని చెబుతూనే, భారతీయ సంతతి నటులను కూర్చోబెట్టి వాళ్ల చిన్ననాటి గాయాలను ఒక్కొక్కటిగా చెప్పించాడు. 2018 ఏప్రిల్‌లో సింప్సన్స్ బృందం తన పాత్రల చేతే భుజాలెగరేసినట్టు జవాబు చెప్పించింది: ఒకప్పుడు అందరూ మెచ్చింది ఇప్పుడు తప్పయితే ఏం చేయగలం అని. హరికి తిట్ల ఉత్తరాలు, బెదిరింపులు వచ్చాయి. అయినా ఆ ప్రశ్న చల్లారలేదు. 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనని తప్పుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో మోనికా పాడ్‌మన్ అనే భారతీయ సంతతి యువతి ఎదురుగా కూర్చుని, తన వల్ల జరిగినదానికి క్షమాపణ చెప్పాడు.

కృష్ణన్ అయ్యర్ విషయంలో ఇలాంటి తలపోత ఒక్కటీ జరగలేదు. 2011లో 'రా.వన్'లో షారుఖ్ ఖాన్ దక్షిణాది పాత్రలో నూడుల్స్‌లో పెరుగు కలిపి చేత్తో జుర్రాడు. 2013లో 'చెన్నై ఎక్స్‌ప్రెస్' కోట్లు కురిపించింది. అపు విషయంలో హరిని మెచ్చుకుంటూ సంపాదకీయాలు రాసిన దేశపు పత్రికల్లో ఈ సినిమాల మీద వచ్చినవి మహా అయితే ఒకటి రెండు చురకలు. హిందీ సినిమాలోనే 2007లో 'చక్ దే ఇండియా' ఒక చిన్న సన్నివేశంలో దారి చూపించింది. తమిళానికీ తెలుగుకీ పెద్ద తేడా ఏముందన్న గుమాస్తాకు, పంజాబీకీ బిహారీకీ ఉన్నంత తేడా అని ఆంధ్రా క్రీడాకారిణి నేత్రా రెడ్డి బదులిస్తుంది. అర నిమిషం సన్నివేశమే అయినా, అందులో యాసను చూసి నవ్వే వీలు లేదు.

బయటివాడు గీసిన బొమ్మకు మన కోపం ఎంత చురుకుగా లేస్తుందో చూడాలంటే రెండు ఉదాహరణలు చాలు. 2007 జనవరిలో బ్రిటన్ టీవీ కార్యక్రమం 'సెలబ్రిటీ బిగ్ బ్రదర్'లో శిల్పా శెట్టిని తోటివాళ్లు హేళన చేసినప్పుడు అక్కడి నియంత్రణ సంస్థకు 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి, పట్నాలో దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2014లో అంగారకుణ్ణి చేరినప్పుడు, ఆవును పట్టుకున్న తలపాగా రైతు సంపన్నుల అంతరిక్ష క్లబ్బు తలుపు తడుతున్నట్టు న్యూయార్క్ టైమ్స్ కార్టూన్ వేసింది. పాఠకుల నిరసన తగిలి సంపాదకుడు క్షమాపణ చెప్పాడు. రెండు సందర్భాల్లోనూ కోపం న్యాయమైనదే.

మరి విజయవాడ మూలాలున్న నీనా దావులూరి సంగతి? 2013 సెప్టెంబరు 15న ఆమె మిస్ అమెరికా అయింది, భారత సంతతి నుంచి ఆ కిరీటం గెలిచిన మొదటి అమ్మాయి. గంట తిరక్కముందే ట్విట్టర్‌లో ఆమెను అరబ్ అనీ టెర్రరిస్టు అనీ తిట్టడం మొదలైంది. తెలుగు చానళ్లు భగ్గుమన్నాయి, అది జాత్యహంకారమని తేల్చి చెప్పాయి. ఆ వార్తల మధ్య విరామంలో వచ్చిన ప్రకటనలు తెల్లబడే క్రీములవి. ఇంత చామనఛాయ అమ్మాయి భారతదేశంలో పోటీ చేసి ఉంటే తుది వరుసదాకా వచ్చేదా అని అప్పుడు కొందరు వ్యాసకర్తలు అడిగారు. దానికి జవాబు ఆదివారం పెళ్లి ప్రకటనల పేజీలోనే ఉంది. తెల్లని, అందమైన, సంప్రదాయ కుటుంబం. 1975 నుంచి ఇంటింటా ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' అనే మాట తీసేయడానికి 2020 దాకా పట్టింది. అది కూడా అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద లేచిన ఉద్యమం ఇక్కడిదాకా తాకాకే. 2021లో 'పుష్ప' కోసం నాయికానాయకులకు నలుపు పూశారు. నల్లటి నటిని వెతికే శ్రమకన్నా తెల్లటి నటికి రంగు పూయడమే సులువనుకున్న పరిశ్రమ, అమెరికావాడు గోధుమరంగు పూసుకుంటే తప్పని ఏ మొహంతో అంటుంది?

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాద్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్ల తుపాకీకి బలయ్యాడు. కాల్చినవాడు మా దేశం వదిలిపోండని అరిచాడు, ఎదుటివాళ్లు ఇరానీయులనుకున్నాడు. ఒక టీవీ తెర, ఒక రాజకీయ ఉపన్యాసం చర్మం రంగు చూసి శత్రువును గుర్తుపట్టడం నేర్పితే ఏం జరుగుతుందో తెలుగు ఇళ్లన్నీ ఆ రాత్రి తెలుసుకున్నాయి. సరిగ్గా 33 రోజుల తర్వాత, మార్చి 27న, గ్రేటర్ నోయిడాలో ఒక మాల్‌లో గుంపు ఆఫ్రికా విద్యార్థులను కుర్చీలతో, చెత్తడబ్బాలతో కొట్టింది. ఒక కుర్రాడి మరణానికి నైజీరియన్లే కారణమని, వాళ్లు నరమాంసం తింటారని వదంతి పుట్టింది. అది జాతి విద్వేషపు దాడేనని ఆఫ్రికా దేశాల రాయబారులు ఉమ్మడిగా ప్రకటిస్తే మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. అంతకు ముందు ఏడాది మే నెలలో, శ్రీనివాస్ ఊరైన హైదరాబాద్‌లోనే, బంజారాహిల్స్‌లో పార్కింగ్ గొడవలో ఒక నైజీరియా విద్యార్థిని ఇనుప రాడ్డుతో కొట్టారు. తెలుగు పత్రికల్లో మత్తుమందుల వార్త వస్తే శీర్షికలో 'నైజీరియన్' అనే మాట ఎక్కిస్తారు. పట్టుబడిన తెలుగువాడి కులమో జిల్లానో శీర్షికకు ఎక్కదు. ఈ తేడా రోజూ కళ్లముందే ఉన్నా గుచ్చుకోకపోవడం బాధ కలిగిస్తుంది.

ఇక తెలుగు సినిమా. భివండీలో ఉన్న తెలుగువాళ్లలో ఎక్కువమంది తెలంగాణ వాళ్లు కాబట్టి వాళ్లకు ఇది రెండు వైపులా తగిలిన దెబ్బ. బయట హిందీ సినిమా మద్రాసీ అంది, సొంత సినిమా వాళ్ల మాటను రౌడీ నోట్లో పెట్టింది. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు వేసిన కాశయ్య నుంచి మొదలుపెడితే, ఇరవై ఏళ్లకు పైగా తెలంగాణ యాస ప్రతినాయకులకు, హాస్యగాళ్లకు, గయ్యాళి అత్తలకు కేటాయించిన సరుకు. కోట కృష్ణా జిల్లావాడు. ఆ యాసనే ఇంటిపేరు చేసుకున్న తెలంగాణ శకుంతల పుట్టుకతో మరాఠీ మనిషి. యాస వాళ్లది కాకపోవడం తప్పు కాదు, నటులు చేసే పనే అది. తప్పంతా, నాయకుడు ఆ యాసలో ప్రేమించడం, ఏడవడం, గెలవడం దశాబ్దాల పాటు ఎవరూ రాయకపోవడం. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి భానుమతి ఆ మాటతోనే నాయిక అయింది. 2023లో సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన 'బలగం' ఆ మాటతోనే ఊళ్లకు ఊళ్లను ఏడిపించింది. యాస అదే, దాన్ని పట్టుకున్న చెయ్యి మారింది.

ఈ గాయం తెలిసినవాళ్లు ఇతరుల గాయం దగ్గర ఎలా ఉంటారు? 2012 అక్టోబరులో 'కెమెరామెన్ గంగతో రాంబాబు' తెలంగాణ ఉద్యమాన్ని కించపరిచిందని థియేటర్ల ముందు ఆందోళనలు జరిగాయి, నిర్మాతలు సన్నివేశాలు కత్తిరించారు. వారం తిరక్కుండానే వచ్చిన 'దేనికైనా రెడీ' మీద బ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కాయి. ఎవరి సినిమా దగ్గర వాళ్లే ఉన్నారు. 'సాబ్, సాబ్' అంటూ కర్ర పట్టుకుని కునికిపాట్లు పడే నేపాలీ గూర్ఖా పాత్ర కోసం మాత్రం ఎవరూ ఏ థియేటర్ ముందూ నిలబడలేదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర వేలమంది నేపాలీలు కాపలా కాస్తున్నారు. వాళ్లకు ఓటు లేదు, సంఘం లేదు, చానల్ లేదు.

వచ్చీరాని తెలుగు మాట్లాడుతూ తాకట్టు నగలు నొక్కేసే మార్వాడీ సేటు పాత్ర కూడా అలాంటిదే. 2025 ఆగస్టులో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఒక దళిత యువకుడి మీద దాడి జరిగింది. చేసినవాళ్లను శిక్షించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ దాని వెంటనే లేచింది 'మార్వాడీ గో బ్యాక్'. ఆమనగల్లులో దుకాణాలు మూతపడ్డాయి, సోషల్ మీడియాలో ఆ సేటు పాత్రల క్లిప్పులు మళ్లీ తిరిగాయి. భివండీలో బంధువులున్న ఇళ్లు తెలంగాణలో ఎన్నో. 1960లలో అన్నకో మేనమామకో తగిలిన 'హటావో' అరుపు, ఈసారి తమ ఊరి నోటి నుంచే వస్తోందని వాళ్లలో ఎంతమంది గమనించారు? 2008లో ముంబయిలో మహారాష్ట్ర నవనిర్మాణ సేన కార్యకర్తలు ఉత్తరాది టాక్సీవాళ్లను, పరీక్ష రాయడానికొచ్చిన కుర్రాళ్లను కొట్టినప్పుడు కూడా, నలభై ఏళ్ల కిందట దెబ్బలు తిన్న దక్షిణాది సంఘాల గొంతు గట్టిగా వినిపించలేదు. ఈసారి వంతు మనది కాదన్న ఊరట నోటిని ఎంత బాగా మూయిస్తుందో!

దీనికొక బలమైన అభ్యంతరం ఉంది. అన్ని వెక్కిరింతలూ ఒకటి కాదు, కూలీ సేటును ఎగతాళి చేయడమూ, సేటు కూలీని ఎగతాళి చేయడమూ ఒకే తక్కెడలో తూగవు అంటారు. నిజమే. అమెరికాలో అపు బొమ్మకూ నల్లజాతివాళ్ల బొమ్మలకూ వెనక ఉన్న చరిత్ర వేరు, ఒక భారతీయుడు ఇంగ్లిషువాడి యాసను అనుకరిస్తే ఏ ఇంగ్లిషువాడి ఉద్యోగమూ పోదు. బలం ఎవరి వైపు ఉందో చూడాల్సిందే. అయితే ఆ సూత్రాన్ని నిజాయితీగా పెడితే మన మీదే ఎక్కువ భారం పడుతుంది. నేపాలీ కాపలాదారు ముందు, ఆఫ్రికా విద్యార్థి ముందు, ఈశాన్య రాష్ట్రాల హోటల్ కుర్రాడి ముందు బలమున్నవాళ్లం మనమే. అమెరికాలో బలహీనులం కాబట్టి కోప్పడే హక్కుందనుకుంటే, హైదరాబాద్‌లో బలవంతులం కాబట్టి జాగ్రత్తపడే బాధ్యతా ఉంటుంది. నిషేధం దీనికి మందు కాదు. థియేటర్ అద్దాలు పగలగొట్టిన ఏ ఆందోళనా మంచి పాత్రను పుట్టించలేదు. హరి కొండబోలు మూడు దశాబ్దాల కార్టూన్‌ను కదిలించింది ఒక గంటకు కాస్త లోపు నిడివి ఉన్న సినిమాతో.

భివండీకే మళ్లీ వస్తే, ఆ ఊరికి ఊరే ఒక ముద్ర మోస్తోంది. 1970 మేలో శివాజీ జయంతి ఊరేగింపుతో రాజుకున్న అల్లర్లు, మళ్లీ 1984 మేలో రెండొందలకు పైగా ప్రాణాలు తీసిన అల్లర్లు. అప్పటి నుంచి మోమిన్, అన్సారీ ముస్లిం నేతకారుల ఊరు పత్రికల్లో అల్లర్ల ఊరైంది. 2020లో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం సంస్థ పేరుతో టీవీలు ఒక మతం మొత్తానికీ కరోనాను అంటగట్టినప్పుడు, ఒకే షెడ్డులో ఊపిరి పీల్చిన మనుషుల మధ్య దూరం పెరిగింది. ఆ ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టివేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారంది, మీడియా ప్రచారాన్ని తప్పుపట్టింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా అరిచిన చానళ్లలో ఆ తీర్పుకు దక్కింది కింద పరుగెత్తే ఒక అక్షరాల పట్టీ. ఒలేతా హంతకుణ్ణి జాత్యహంకారి అన్న నోళ్లే ఇవి.

ఆ ఊళ్లో 1988లో పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పేటపేటకూ మొహల్లా కమిటీలు పెట్టాడు. పేరు మోసిన నాయకులను కాకుండా కొట్టువాళ్లను, సాంచెలవాళ్లను, ఇరు మతాల మామూలు మనుషులను ఒకచోట కూర్చోబెట్టి, చిల్లర తగవులూ వదంతులూ అక్కడే తేల్చుకునే అలవాటు చేశాడు. నాలుగేళ్లకు బాబ్రీ మసీదు కూలింది. 1992 డిసెంబరు, 1993 జనవరిలో ముంబయిలో దాదాపు 900 మంది చనిపోయారు. ఆ నగరానికి కూతవేటు దూరంలో ఉన్న భివండీ కుదురుగా నిలిచింది. తెలుగువాడూ అన్సారీ మళ్లీ ఒకే షెడ్డుకు పనికి వెళ్లారు. ఈ సంగతి జరిగి ముప్పై ఏళ్లు దాటింది. ఇవాళ్టికీ వార్తల్లో భివండీ పేరు వస్తే దాని ముందు తరచూ కనిపించే విశేషణం 'సున్నితమైన' అనే మాటే.